పొద్దు చెప్పే వయసు

భుజాన మోకు, కాళ్లకు గుజి, నడుముకు ముస్తాదు. తెల్లారకముందే చెట్టెక్కిన గౌడన్న చేతిలో నువ్వు నేలకు దిగుతావు, కల్లూ! ఈతచెట్టయితే మొవ్వు కింద పెట్టిన గాటులోంచి, తాడైతే గీసిన గెల కొసలోంచి, రాత్రంతా బొట్టుబొట్టుగా లొట్టిలోకి రాలి, నురగతో, తేనెటీగల రొదతో వస్తావు. చలికాలం ఈతవనానిది, ఎండాకాలం తాటివనానిది. మగతాడు ఇచ్చే పోద్దాటి కల్లు ఒక తీరు, ఆడతాడు ఇచ్చే పండుతాటి కల్లు మరో తీరు. ఒక్క గుక్కతో చెట్టేదో చెప్పే తాతలు తెలంగాణ పల్లెల్లో ఇంకా ఉన్నారు.

వైన్ సీసా మీద ద్రాక్ష కోసిన ఏడు అచ్చేసి ఉంటుంది. నేలమాళిగలో ఏళ్లకేళ్లు పడుకోబెట్టి, ఏ వంటకు ఏ సీసా అని పుస్తకాలు రాసుకున్నారు. నీకంత తీరిక ఎక్కడిది? ఒక్క పగటిలోనే పుట్టి, పెరిగి, ముదిరిపోతావు. చెట్టు నుంచి రాలేటప్పుడు నీలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర. గాలిలోనూ, నిన్నటి లొట్టి గోడల్లోనూ కాచుకుని ఉన్న ఈస్టు ఎవరూ పిలవకుండానే పనిలోకి దిగుతుంది. మధ్యాహ్నానికి తీపి తగ్గి పొంగు ఎక్కుతుంది. సాయంత్రానికి పులుపు పైచేయి. నీ మత్తు మామూలుగా నాలుగైదు శాతం దగ్గరే ఉంటుంది, వైన్ కన్నా చాలా తక్కువ. అందుకే నీకు జోడీ కుదర్చాలంటే పొద్దు చూడాలి. ఏ ఇల్లాలూ దీన్ని చదివి నేర్చుకోలేదు.

పొద్దుటి నువ్వు చిన్నపిల్లవు. అప్పుడు నీ పక్కన ఉడకబెట్టి పోపేసిన మక్క గుడాలు చాలు. ఉప్పూ కారమూ గింజకు పట్టి ఉంటే నీ తీపి ఇంకాస్త తియ్యనవుతుంది. కరకరలాడే సర్వపిండి ముక్క ఉంటే మరీ మంచిది.

నీ అసలు రాజ్యం మధ్యాహ్నం. దసరా నాడు యాట తెగిన ఇంట్లో తలకాయ కూర కుతకుతలాడుతుంటుంది, బోటి వేగుతుంటుంది, అల్లం వెల్లుల్లి వాసన వాకిలి దాటి పక్కింటిదాకా పోతుంటుంది. కొవ్వు నాలుక మీద పేరుకున్నప్పుడు నీ పొంగు, నీ లేత పులుపు కలిసి దాన్ని కడిగేస్తాయి. మళ్లీ మొదటి ముద్ద తిన్నట్టే ఉంటుంది. కారం సంగతీ అంతే. ఘాటైన సారా పోస్తే ఎర్రకారం మంట మీద పెట్రోలు పోసినట్టే. నీలో మత్తు తక్కువ, తీపి కాస్త మిగిలే ఉంటుంది కాబట్టి ఆ మంటను బుజ్జగిస్తావు. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు, మళ్లీ ఓ గుక్క. ఇంతకన్నా మంచి పొత్తు నాకు తెలియదు.

పొద్దు వాలాక నువ్వు పుల్లబడతావు. అప్పుడు నిన్ను మోయగలిగేవి నిప్పుల మీద కాల్చిన ఎండుచేపలు, పచ్చి ఉల్లిగడ్డ. పచ్చిపులుసుతో మాత్రం నీకు పడదు. రెండు పులుపులు ఒకే విస్తట్లో తగవులాడుకుంటాయి.

నిన్ను చాటుమాటుగా తాగరు, అదీ నీ గొప్ప. తొలి చుక్క సాకగా ఎల్లమ్మకు. తరవాత అవ్వకు, తాతకు, వియ్యంకుడికి. తాటాకు రేక మడిచి పట్టుకుంటే దొప్పలో పాలలా తెల్లగా నిండుతావు. ఆడవాళ్లు వంటింటి గడప మీద, మగవాళ్లు వేపచెట్టు కింద, అందరికీ అదే లొట్టి. కొత్త అల్లుడు సిగ్గుపడి మొహం తిప్పుకుంటే అత్త ఊరుకోదు. "గట్ల గోడదిక్కు తిరిగి తాగుతవేందయ్యా? బోటి సల్లారుతున్నది, ముందుగాల గది తిను!"

పట్నంలో నీ పేరు పెట్టుకుని తిరిగే తెల్లనీళ్లను మాత్రం నేను పొగడను. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపిన ఆ ద్రవం ఏ చెట్టు కన్నబిడ్డా కాదు. 2004లో హైదరాబాద్‌లో నీ దుకాణాలు మూతపడ్డాయి, 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. తలుపులు తెరిచినంత తేలిగ్గా చెట్లు మొలవవు కదా! ఉన్న తాళ్లనే ప్లాట్ల కోసం కొట్టేస్తుంటే అంత పెద్ద నగరానికి నిజమైన కల్లు ఎక్కడినుంచి రావాలి?

చెట్టు మీద కాలు జారినవాళ్ల ఇళ్లలో నీ పాట వేరుగా వినిపిస్తుంది. ఆ మాట మరిచి నిన్ను పొగిడితే పాపం. అందుకే పల్లెలో తినడానికి కూర్చునేముందు గౌడన్నకు ఓ గిన్నెలో కూర తీసి పక్కన పెడతారు, ఎంత రద్దీ ఉన్నా.

సందెవేళ ఖాళీ లొట్టి తీసుకుపోవడానికి అతను వస్తాడు. మామ కూర గిన్నె అందిస్తూ అడుగుతాడు. "గౌడన్నా, రేపు పొద్దుగాల ఈతకల్లు రెండు లొట్లు ఇంటికే తేరాదు! బిడ్డ పోయేది ఎల్లుండి."