63 దగ్గర ఆపండి

పంది మాంసం అంటే మనవాళ్లకి కూరే. కొవ్వూ చర్మమూ ఉన్న ముక్కలు, దండిగా అల్లం వెల్లుల్లి, కుక్కర్లో అయిదారు విజిల్సు, ఆపైన నూనె తేలేదాకా మూకుట్లో వేపుడు. ఎంత మగ్గితే అంత రుచి. అమెరికా వచ్చినవాళ్లు ఆ అలవాటు కొద్దీ సూపర్‌మార్కెట్లో టెండర్లాయిన్ కొని, దాన్నీ కుక్కర్లో వేసి, "ఇదేం మాంసమండీ, పీచు పీచుగా ఉంది" అని పెదవి విరుస్తుంటారు. మాంసం తప్పేం లేదు. అది కూర ముక్క కాదు, అంతే.

టెండర్లాయిన్ అంటే వెన్నెముకని ఆనుకుని లోపలివైపు పొడుగ్గా ఉండే కండ. ఒక్కోటి అరకిలో అటూ ఇటూ తూగుతుంది. జంతువు నడిచినా నిలబడినా దానికి పెద్దగా పనుండదు, అందుకే అంత మెత్తన. కొవ్వు మాత్రం బొత్తిగా తక్కువ. భుజం, తొడ ముక్కల్ని గంటసేపు ఉడికిస్తే వాటిలోని కొల్లాజెన్ కరిగి ముక్క మెత్తబడుతుంది. ఇందులో అలా కరగాల్సిందేమీ లేదు. లోపలి వేడి 65 డిగ్రీల సెల్సియస్ దాటి పైకి పోతున్నకొద్దీ ప్రోటీన్లు బిగుసుకుని, ఉన్న నీటిని పిండి బయటపోస్తాయి. ఆ తర్వాత ఎంత ఉడికించినా ఇంకా ఎండడమే. షాపులో పక్కనే వెడల్పుగా, పైన కొవ్వు పొరతో లాయిన్ అమ్ముతారు. పేరు దగ్గరగా ఉందని అది తెచ్చుకోకండి, దాని లెక్క వేరు.

ముందు పొర సంగతి చూడాలి. మందంగా ఉన్న కొసన వెండి రంగులో మెరుస్తూ గట్టి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. ఎంత కాల్చినా అది మెత్తబడదు, పైగా ముడుచుకుని ముక్కని వంకర తిప్పేస్తుంది. సన్న కత్తి మొన దాని కిందికి దూర్చి, అంచు పైకి లేచాక ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కత్తి వాదర కాస్త పొరవైపే తిప్పి జరుపుకుంటూ పోతే రిబ్బనులా వచ్చేస్తుంది. తోక సన్నగా ఉంటుంది కాబట్టి దాన్ని లోపలికి మడిచి దారంతో కట్టండి. లేకపోతే నడుము ఉడికేసరికి తోక మాడుతుంది.

ఉప్పు రాత్రే పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచుతాను. ఉప్పు లోపలికి దిగుతుంది, పైన తడి ఆరుతుంది. ప్యాకెట్ మీద ఉప్పునీళ్లు ఎక్కించామని రాసి ఉంటే మాత్రం మళ్లీ ఉప్పు అక్కర్లేదు. మర్నాడు దంచిన మిరియాలు, ధనియాలు, కొంచెం నూనె. వెల్లుల్లి ఇప్పుడే రాస్తే మాడి చేదెక్కుతుంది, దాన్ని చివర్లో వెన్నతో వేస్తాను.

ఇనప పెనం బాగా కాగాక అన్నివైపులా ఎర్రగా కాల్చి, పెనంతో సహా 200 డిగ్రీల ఓవెన్లోకి తోసేయడమే. ఇలా కాలిస్తే రసం లోపలే బందీ అవుతుందని ఇప్పటికీ చెబుతుంటారు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలో పెట్టిన మాట అది, నిజం కాదు. కాల్చేది రంగు కోసం, కమ్మని వాసన కోసం. పావుగంట దాటకముందే థర్మామీటరు గుచ్చి చూడటం మొదలుపెట్టాలి. లావుపాటి చోట నడిమధ్య 60 చూపగానే బయటికి తీసి, పైన రేకు కప్పి పది నిమిషాలు వదిలేస్తాను. ఆ వేడికే 63కి ఎక్కుతుంది. ఎక్కిందో లేదో మళ్లీ గుచ్చి చూసుకోండి.

కోస్తే లోపల లేత గులాబీ రంగు. మా ఇంటికొచ్చినప్పుడల్లా అత్తయ్య పళ్లెం వంక అనుమానంగా చూసి, "ఇంకాస్త ఉడకనివ్వమ్మాయ్" అంటారు. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. మన ఊళ్లలో వీధుల వెంట తిరిగి మేసే పందుల మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉండొచ్చు. అక్కడ బాగా ఉడికించి తినమన్న పెద్దల మాట ముమ్మాటికీ సరైనదే. అమెరికాలోనూ ట్రైకినెల్లా అనే పురుగు భయంతో చాలాకాలం 71 డిగ్రీలు దాటాల్సిందే అనేవారు. ఫారాల్లో పెంచే పందుల్లో అది బాగా అరుదైపోయింది. 2011 మేలో అమెరికా వ్యవసాయ శాఖ నిండు ముక్కలకి 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విశ్రాంతి చాలని చెప్పింది. ఖీమాకి మాత్రం 71 అలాగే ఉంది.

కాబట్టి ఎక్కడిదో తెలియని మాంసమైతే నిశ్చింతగా కూరే వండుకోండి. ఫారం టెండర్లాయిన్ అయితే ముందు థర్మామీటరు కొని, తర్వాత మాంసం కొనండి. రంగు చూసో, వేలితో నొక్కో చెప్పేస్తామనే వాళ్ల మాట నేను నమ్మను. మర్నాటికి మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టకండి. పల్చగా కోసి, ఉల్లిపాయ, నిమ్మరసంతో చల్లగానే తినండి.