తృణకంకణము: మరల చదివిన పిమ్మట

యౌవనమున చదివిన కావ్యమును ముదిమియందు మరల చదువుట, విడిచిన యూరికి తిరిగివచ్చుట వంటిది. వీథు లవియే; నడచువాడు వేఱు. ఇటీవల తిరుపతికి వచ్చి, గోవిందరాజస్వామివారి కోవెలకు చేరువనున్న మా పాత యింట కొన్ని దినములుంటిని. అటుకమీది పెట్టెలో రాయప్రోలు సుబ్బారావుగారి ‘తృణకంకణము’ దొరకినది. ఇరువదియేండ్ల ప్రాయమున దాని నెన్నిమాఱులు చదివితినో లెక్కలేదు. కారణము దాచనేల? పొరుగింటి బాలికను ప్రేమించితిని. కులము వేఱగుటచే పెద్ద లామెను చిత్తూరి సంబంధమున కిచ్చిరి. ఆ దినములలో నాకు ఓదార్పు ఈ చిన్న పుస్తకమే.

కావ్యకథ స్వల్పము. చిన్ననాటినుండి ప్రేమించుకొన్న యిద్దరిలో యువతిని పెద్దలు మఱొకనికిచ్చి పెండ్లి చేయుదురు. పిమ్మట వారు కలిసికొన్నప్పుడు, దేహవాంఛ లేని స్నేహముగా ఆ ప్రేమను మార్చుకొందమని యువకుడు బోధించి, గడ్డిపోచను కంకణముగా కట్టును. దీనినే ‘అమలిన శృంగార’మనిరి.

1913 ప్రాంతమున వెలువడిన యీ కావ్యముయొక్క గుణము తక్కువది గాదు. చిత్తూరి చెంత కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వ విచారము’న ప్రబంధకవుల వర్ణనాతిరేకమును ఖండించినది 1914లో. ఇంచుమించుగా ఆ కాలముననే రాయప్రోలువారు ఆపాదమస్తక వర్ణనల దారి విడిచి, హృదయమును పట్టుకొనిరి. పూర్వస్నేహితునితో మాటాడిన వివాహితను పతితగా గాక, గౌరవార్హురాలిగా నిలిపిరి. బాలికల వివాహవయస్సును పదునాలుగేండ్లుగా నిర్ణయించిన శారదా శాసనము 1929లో గదా వచ్చినది! అంతకు ముందే యిట్టి చిత్రణము సాహసమే.

అయినను ఒక కొఱత యిప్పుడు నాకు కనబడుచున్నది. చిత్తూరిలో ఒక బంధువు నింటి శుభకార్యమున ఆమెను చూచితిని. తల నెఱసినది, మాట చక్కగా నున్నది. కుశలప్రశ్నలైన పిదప, ఆనాడు నేనెంత నిగ్రహముతో తొలగిపోయితినో గర్వముగా చెప్పితిని. ఆమె నవ్వి, “మావాళ్లు నన్నడగకుండానే ఇచ్చేసినారు. మీరు నన్నడగకుండానే వదిలేసినారు. ఇద్దరికీ తేడా ఏముందండీ?” అనెను. బదులు తోచలేదు.

ఆ రాత్రి కావ్యమును మరల తెఱచితిని. అందును బోధించువాడు పురుషుడే. కంకణము కట్టువాడును అతడే. త్యాగముయొక్క శోభ అతనికి దక్కినది; అడుగక పెండ్లిచేసిన పెద్దలమీద మాత్రము కావ్యము కోపింపదు. దుఃఖమును ఉదాత్తము చేయుటలో దుఃఖకారణము మఱుగైనది. కవిని దూషించుట నా యుద్దేశముగాదు. నావంటి పాఠకుడు ఆ యౌదాత్త్యమును తన పిఱికితనమునకు ముసుగుగా వాడుకొనెను. దోషమున సగము చదివినవానిది.

శాసనములు వయస్సును కొలిచినవి. ఇష్టమును కొలువవలసినది గృహమే. కావున తృణకంకణమును మన పిల్లలచేత తప్పక చదివింతము. దాని సౌకుమార్యమును వారు గ్రహింతురుగాక. కాని పుస్తకము మూసిన తరువాత, “ఆ యువతి నెవరైన అడిగిరా?” అను ప్రశ్నను గూడ వారికి నేర్పుదము. మన యింట సంబంధము కుదుర్చునాడు మొదట ఆ ప్రశ్నకు మనమే బదులు చెప్పవలసియుండును.