సంకలనకర్త ఋణము

పరకృతులనుండి పద్యములను ఏర్చి కూర్చుట తెలుగునకు క్రొత్త కాదు. పదునైదవ శతాబ్దివాడైన మడికి సింగన సకలనీతిసమ్మతమున రాజనీతి పద్యములను పెక్కు కృతులనుండి గ్రహించి, విషయానుసారముగా కూర్చి, అవి యే కృతులలోనివో చెప్పెను. పిమ్మట పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమున వర్ణనలను సమకూర్చి, కవుల పేర్లను, కావ్యముల పేర్లను తెలిపెను. ముద్రామాత్యము నేడు అలభ్యము. సింగన యుదాహరించిన పద్యములే దాని స్వరూపమును మనకు తెలుపుచున్నవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రకటించిన ప్రబంధరత్నావళికిని ఇట్టి సంకలనములే ఆధారములు.

ఇంత యుపకారము చేసినవారిని పరుల సొమ్ము హరించినవారని యెవరును అనరు. అందులకు కారణము వారి నిజాయితీ మాత్రమే కాదని మా యభిప్రాయము. ఆ కాలమున కావ్యమునకు వెల యిచ్చినవాడు కృతిభర్త, పాఠకుడు కాడు. (పోతన వంటివారి మాట వేరు, వారు ఎవరి వెలయు కోరలేదు.) తాటియాకులపై ప్రతి వ్రాసినందులకు ముట్టిన కూలి లేఖకునిదే, అందు కవికి భాగము లేదు. కావున సంకలనము చదివి తృప్తిపడి, మూలమును తెరవని పాఠకునివలన మూలకవికి గవ్వంత నష్టమును లేదు. పేరు చెప్పుటతో ఋణము తీరెను.

నేడు అంతర్జాలమున పరుల వార్తలను, వ్యాసములను ఏర్చి కూర్చు సంస్థలును తాము మూలము పేరు చెప్పుచున్నామనియే సమాధానమిచ్చుచున్నవి. ఇది చాలునా యను ప్రశ్న క్రొత్తది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో ఇంటర్నేషనల్ న్యూస్ సర్వీస్ అనునది, బ్రిటను తంత్రీమార్గములు తనకు మూయబడగా, అసోసియేటెడ్ ప్రెస్ వార్తలను తూర్పుతీరపు పత్రికలనుండి, ప్రకటన ఫలకములనుండి గ్రహించి పడమటి పత్రికలకు తంతి నిచ్చుచుండెను. 1918లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము దీనిని తప్పుపట్టెను. బ్రాండైస్ మాత్రము విభేదించెను. న్యాయమూర్తి హోమ్స్ తీర్పు వేరొక తీరున నున్నది: కొన్ని గంటలవరకు మూలసంస్థ పేరు స్పష్టముగా చెప్పక ఆ వార్తలను ప్రకటింపరాదని ఆయన మతము. ఇది సింగన మార్గమే. కాని పేరు చెప్పిన మాత్రమున విలేఖరి జీతమునకు, తంతి వ్యయమునకు సొమ్ము వచ్చునా? వానిని భరించువారు పత్రిక కొన్న పాఠకుడును, ప్రకటన యిచ్చిన వర్తకుడును. పాఠకుడు సంకలనమువద్దనే నిలిచిపోయినచో ఆ యాదాయమును నిలిచిపోవును.

పాఠకుని మూలమునకు పంపు సంకలనము వేరు. స్పెయిను దేశమున 2014లో చేసిన చట్టము ఈ భేదమును పాటింపలేదు. వార్తలనుండి చిన్న తునకను చూపినను పత్రికలకు సొమ్ము చెల్లింపవలయుననియు, పత్రిక తానై వలదన్నను ఆ హక్కు పోదనియు విధించెను. ఆ డిసెంబరుననే గూగుల్ న్యూస్ అచట మూతపడి, 2022లో గాని మరల తెరువబడలేదు. ఆ నడుమ చిన్నపత్రికలే యెక్కువగా పాఠకులను కోల్పోయినవని పరిశోధకులు లెక్కగట్టిరి. పెద్దపత్రికను పాఠకుడు తానే వెదకికొని పోవును. చిన్నపత్రికకు దారి చూపువాడు కావలయును. సుంకమునకై పట్టుపట్టగా దారియే మూతపడినది.

కావున ఎంత గ్రహించెనను ప్రశ్నకంటె, పాఠకుడు ఎచట ఆగెనను ప్రశ్న ముఖ్యమని మేము తలచుచున్నాము. ఈ దృష్టితో చూచినచో నేటి యంత్రములు చేయు పని మఱింత శంకనీయము. అవి పది మూలముల సారమును పిండి, ఒక్క సమాధానముగా నిచ్చుచున్నవి. క్రింద మూలముల పేర్లు చూపినను, ఏ వాక్యము ఎవరిదో తెలియుట కష్టము. పాఠకునకు అచటికి పోవలసిన పనియు తోచదు. సింగన తాను గ్రహించిన పద్యములను కరగించి స్వంత వచనముగా పోసియున్నచో, ముద్రామాత్యములోని యొక్క పద్యమైనను మనకు దక్కెడిది కాదు.

సంకలనకర్తకును మనము ఋణపడియున్నాము. మేము పరిశీలించిన సిద్ధాంతగ్రంథములలో ముద్రామాత్య పద్యము నుదాహరించి, ఆధారము “ముద్రామాత్యము” అని మాత్రమే వ్రాసినవి కలవు. ఆ విద్యార్థి చూచినది సకలనీతిసమ్మతమును; సింగన పేరు మాత్రము అచట లేదు.