మధురపూడికి చౌక దారి

రాజమండ్రికి, అంటే దాని విమానాశ్రయం ఉన్న మధురపూడికి, నలుగురం వెళ్లాల్సి ఉన్నా, టికెట్ ధర నేను ముందు ఒక్కరికే చూస్తాను. విమానంలో సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. కొన్ని చౌకవి, అవి అయిపోయాక కాస్త ఎక్కువవి, ఇలా మెట్లుమెట్లుగా అమ్ముతారు. చౌక మెట్టులో రెండే సీట్లు మిగిలినప్పుడు నలుగురికి అడిగితే, చాలాసార్లు నలుగురికీ పైమెట్టు ధరే పడుతుంది. ఒకరికి, ఇద్దరికి, ముగ్గురికి విడివిడిగా చూస్తే ధర ఎక్కడ ఎగిరిందో తెలిసిపోతుంది. అప్పుడు ఆ రెండూ చౌకగా కొనేసి, మిగతా రెండూ పై ధరకు తీసుకుంటే సరి.

చిన్న విమానాశ్రయాల దగ్గర ఈ కిటుకు మరీ పనికొస్తుంది. పెద్ద ఊళ్ల మధ్య తిరిగే ఎయిర్‌బస్‌లో సుమారు 180 సీట్లుంటే, మధురపూడికి ఎక్కువగా వచ్చే ఏటీఆర్‌లో డెబ్బై చిల్లరే. ఒక్క పెళ్లిబృందం బుక్ చేసుకుందంటే చౌక సీట్లు అయిపోయినట్టే.

మధురపూడి ధర మండిపోతుంటే విజయవాడ దగ్గరి గన్నవరం, విశాఖ విమానాశ్రయాలు కూడా చూస్తాను. రాజమండ్రి ఆ రెంటి నడుమ, రైలు మెయిన్ లైన్ మీదే ఉంది. కాకపోతే లెక్క ఇంటి గుమ్మం దాకా వెయ్యాలి. గన్నవరంలో పగలు దిగితే హైవే పక్కనే కాబట్టి ఏలూరు మీదుగా మూడు గంటల్లో ఇల్లు చేరొచ్చు. నలుగురైతే టాక్సీ గిట్టుబాటే. ఒక్కరే రాత్రి పది దాటాక దిగితే మాత్రం, టికెట్‌లో మిగిలింది టాక్సీవాడికే పోతుంది.

అమెరికా నుంచి వచ్చేవాళ్ల లెక్క వేరు. హైదరాబాద్ దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి మరొకటి విడిగా కొంటే పైకి చౌకగానే కనిపిస్తుంది. అమెరికా టికెట్ మీద మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు తెచ్చుకోనిస్తారు, ఇక్కడి టికెట్ మీద సాధారణంగా 15 కిలోలే. మిగతా కిలోలన్నిటికీ డబ్బు కట్టాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే అడిగే దిక్కుండదు. అందుకే మా బంధువులకు రాజమండ్రి దాకా ఒకే టికెట్ తీసుకోమనే చెబుతాను.

సంక్రాంతికి ఈ విద్యలేవీ పారవు. అందరికీ భోగికి ముందే ఇంట్లో ఉండాలి, పండగ కాగానే డ్యూటీలో ఉండాలి. మిగిలే వెసులుబాటు ఒక్కటే, తిరుగు ప్రయాణం కనుమ నాడు పెట్టుకోవడం. ఆ రోజు ధర మర్నాటికంటే బాగా తక్కువ ఉండటం చూశాను. కానీ కనుమ నాడు కాకైనా కదలదని మా అమ్మ కదలనివ్వదు. ఆ మాటకు మా ఇంటిల్లిపాదీ ఏటా ఎంత కడుతున్నామో ఆవిడకు చెప్పలేదు. చెప్పినా, పండగపూట డబ్బు లెక్కలేమిటని తిడుతుంది.