కొసరు పాట

అసలు కన్నా కొసరు ముద్దని మా అమ్మ కూరగాయల బండి దగ్గర అంటూ ఉండేది. నాకది అర్థమైంది మాత్రం క్యాసెట్ కొట్టు దగ్గర.

1994. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో, జిరాక్స్ షాపు పక్కన, ఒక మనిషి మాత్రమే కూర్చోగలిగిన కొట్టు. తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ క్యాసెట్‌తో కలిపి ఇస్తే రెండు రోజుల్లో ఎక్కించి పెట్టేవాడు. లిస్టు రాయడమంటే లెక్కలు చెయ్యడమే. 90 నిమిషాల క్యాసెట్ అంటే పక్కకు 45. సినిమా పాట నాలుగున్నర నుంచి ఐదు నిమిషాలు. పక్కకు తొమ్మిది పాటలు పడతాయి. జోరు పాట వెంట విషాద గీతం పెట్టకూడదు. అలాగని అన్నీ ఒకే వేగంతో నడిస్తే నాలుగో పాటకే నిద్రొస్తుంది. ఇళయరాజాతో మొదలుపెట్టి ఇళయరాజాతోనే ముగించాలన్నది నా పట్టుదల.

ఇంటికొచ్చి విన్నాను. బి సైడు అయిపోయింది, ఇక ఆగిపోతుందనుకునేలోపు నేను రాయని పాట మొదలైంది. 'ప్రేమికుడు' సినిమాలోని ర్యాప్. రెహమాన్ బాణీ. పాడుతున్నారా, పోట్లాడుకుంటున్నారా తెలియదు. వీధి వీధంతా నోరు చేసుకున్నట్టుంది. ఆ పాట నాలుగు నిమిషాల పైచిలుకు. టేపు మిగిలింది మూడు నిమిషాలు. సగంలో టక్కుమని ఆగిపోయింది.

మర్నాడు వెళ్లి అడిగాను. "జాగ మిగిలింది సార్. ఉత్తగ పోనిచ్చుడెందుకని ఎక్కించిన" అన్నాడు, తలెత్తకుండానే.

ఆ క్యాసెట్‌లో నేను లెక్కలేసి పేర్చిన పద్దెనిమిది పాటల వరస ఇప్పుడు గుర్తులేదు. ఆ తెగిన పాట మాత్రం ఎక్కడ తెగిందో ఇప్పటికీ చెప్పగలను. పూర్తి పాట ఎప్పుడు విన్నా ఆ చోట చెవి ఒక్క క్షణం ఆగుతుంది.

ఈ వారం ఆ కొట్టు గుర్తు రావడానికి కారణం మా అపార్ట్‌మెంట్‌లో కుర్రాడు. ర్యాపర్. తన మొదటి మిక్స్‌టేప్ లింకు పంపి, విని చెప్పమన్నాడు. నా వయసు వాళ్లకు ర్యాపర్ అంటే ఎవరో తెలిసిందే నోయల్, రోల్ రైడా బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లాక. అయినా మిక్స్‌టేప్ అన్న మాట వినగానే పాత చుట్టాన్ని చూసినట్టయింది.

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్‌తోనే ఈ కథ మొదలు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజేలు పార్టీల్లో వాయించింది టేపులకెక్కి చేతులు మారింది. క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి, పేరు మిగిలింది. ఇప్పుడు ర్యాపర్ మిక్స్‌టేప్ అంటే ఆల్బమ్ కాని పాటల మూట. ఎవరిదో బీట్ మీద తన మాటలు, ఆల్బమ్‌లో చోటు దొరకనివి, దోస్తులతో సరదాగా పాడినవి. చాలామంది ఊరికే ఇచ్చేస్తారు. అరువు బీట్‌ను అమ్మితే కేసవుతుంది కదా. 2007 జనవరిలో అట్లాంటాలో మిక్స్‌టేపులు చేసే డీజే డ్రామా స్టూడియో మీద పోలీసులు పడి వేలకొద్దీ సీడీలు పట్టుకుపోయారు. అదే ఏడాది ర్యాపర్ లిల్ వేన్ ఊరందరి హిట్ బీట్ల మీద తన మాటలు పేర్చి 'డా డ్రౌట్ 3'ని ఉచితంగా వదిలాడు. డబ్బు పెట్టి కొన్న అతని ఆల్బమ్‌లను పక్కనపెట్టి దీన్నే నెత్తిన పెట్టుకున్నవాళ్లు ఎందరో.

కొసరే ఒక్కోసారి బతుకు నిలబెడుతుంది కూడా. 50 సెంట్ అనే ర్యాపర్ 2000 మేలో ఒంటినిండా తూటాలు తిన్నాక కొలంబియా కంపెనీ అతన్ని వదిలించుకుంది. అతని ఆల్బమ్ బయటికే రాలేదు. అందులో మిగిలిపోయిన పాటలకు కొత్తవి కలిపి 2002లో 'గెస్ హూస్ బ్యాక్?' అనే సంకలనం వచ్చింది. అది ర్యాపర్ ఎమినెమ్ చెవిన పడి, అతనికి మళ్లీ అవకాశం దొరికింది. మరుసటి ఏడాది కొత్తగా వచ్చిన అసలు ఆల్బమ్ మొదటి వారంలోనే 8,72,000 కాపీలు పోయింది.

ఎవరిదో బాణీ తీసుకుని పాడితే అందులో గొప్పేముంది అని మా ఇంట్లోనే ఒక ప్రశ్న వచ్చింది. కార్తీకం దాటాక దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో అయ్యప్ప స్వాముల భజన విన్నవాళ్లు ఈ ప్రశ్న వెయ్యకూడదు. నిన్నటి ఐటెం సాంగ్ ఈ రోజు శరణుఘోషైపోతుంది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో ఇంగ్లీషు బ్యాండు మేళం విని, ఆ బాణీల మీద సంస్కృత కీర్తనలు కట్టారు. 'సంతతం పాహిమాం' నడిచేది బ్రిటిషు రాజును కాపాడమని దేవుణ్ణి వేడుకునే పాట బాణీలోనే. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల నడకలో తెలంగాణ రైతాంగ పోరాటాన్ని ఊరూరా వినిపించారు. గొల్లసుద్దులు సగం పాట, సగం మాట. ర్యాప్‌కు చుట్టం కోసం అంతదూరం వెళ్లనక్కర్లేదు.

అవధానం చూసినవాళ్లకు ఈ రుచి ఇంకా బాగా తెలుసు. పృచ్ఛకుడు ఇచ్చిన సమస్య సభంతా వింటుంది. చివరి పాదం అందరికీ తెలుసు. అక్కడికి అవధాని ఏ దారిన చేరతాడన్నదే ఉత్కంఠ. మిక్స్‌టేప్ వినేవాడిదీ అదే పని. బీట్ తెలుసు, ముందెవరు దాని మీద పాడారో తెలుసు. వీడెలా పూరిస్తాడు? కొత్త బాణీ అయితే ఈ పోలిక దొరకదు.

కుర్రాడి మిక్స్‌టేప్ తొమ్మిది పాటలు, 24 నిమిషాలు. బట్టల బీరువా తలుపులు తెరిచి, దుప్పట్లు వేలాడదీసి, వాటి మధ్య నిలబడి రికార్డు చేశాడట. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి పెట్టుకున్నాను. మొదటి వెర్స్ కింద విక్టోరియా మెమోరియల్ స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినిపిస్తే, రైల్లోదా పాటలోదా తెలియక తలెత్తాను. రెండూ అదే మాట. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి రెండు పాటలయ్యాయి. అతని మాటల్లో సాగర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ ఉంది, కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీల మీద ర్యాంకర్ల నవ్వులున్నాయి, కోణార్క్ థియేటర్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ సాయంత్రాలున్నాయి. తెలుగులోంచి హిందీలోకి, అక్కణ్నుంచి దక్కనీలోకి, షేర్ ఆటోలో పక్కకు జరిగినంత తేలిగ్గా జరుగుతాడు. మూడో పాటలో ఊపిరి చాలలేదు. ఆరోదాంట్లో ప్రాస కోసం అర్థాన్ని బలిచ్చాడు. ఆల్బమ్ అయితే ఇవి తప్పులు. ఇక్కడ పచ్చి గోడ మీద మేస్త్రీ వేలిముద్రల్లా కనిపిస్తూ ఉంటాయి. పని ఎలా జరుగుతోందో చూసే అవకాశం పూర్తయిన ఇల్లు ఇవ్వదు.

నా ఫోన్‌లోనూ పాటల యాప్ ఉంది. నాకేం నచ్చుతుందో దానికి నాకన్నా బాగా తెలుసు. ఒక పాట అవగానే ఇంకోటి, తెల్లార్లూ. అంత ఇస్తున్నా కొసరిచ్చినట్టు ఎప్పుడూ అనిపించలేదు. కొసరు వెయ్యాలంటే ముందు తక్కెడ ఉండాలి. ఇంతే అని ఒక గీత ఉండాలి. ఆ గీత దగ్గర ఒక మనిషి ఆగి, మిగిలిన మూడు నిమిషాల జాగా చూసి, నీకేం పనికొస్తుందా అని ఆలోచించాలి. తూకం లేనిచోట కొసరు ఉండదు.

తొమ్మిదో పాట మలక్‌పేట దాటి చాలా దూరం వెళ్లాక అయిపోయింది. ఇయర్‌ఫోన్స్ తీయబోతుంటే లిస్టులో లేని పదోది మొదలైంది. బీట్ లేదు. ఒక పెద్దాయన గొంతు, వెనక గిన్నెల చప్పుడు. అంకెలు. వందల మీద వందలు ఎక్కుతూ, ఊపిరి తీసుకోకుండా, మధ్యలో ఒకరి మీద చమత్కారం, మళ్లీ అంకెలు. నలభై సెకన్లు ఇలా సాగి, ఠక్కున తెగిపోయింది.

సాయంత్రం లిఫ్టు దగ్గర దొరికాడు. ఆఖర్లో ఆ గొంతు ఎవరిదని అడిగాను.

"మా నాయినది అంకుల్. కొత్తపేట పండ్ల మార్కెట్ల వేలం పాడేటోడు."

ఆ మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. ఈయన వెళ్లలేదట. ఒక రాత్రి అన్నం తింటూ మామిడి వేలం ఎలా ఉండేదో చూపిస్తుంటే కొడుకు ఫోన్‌లో పట్టాడు. వేలం 'పాట' అని మనం ఎందుకంటామో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు నేను.

"మధ్యలో తెగిపోయిందేం?"

"ఎవరో ఫోన్ చేస్తే లేచిపోయిండు. మల్ల పాడమంటే పాడలే."

"మరి లిస్టులో పేరు పెట్టలేదే?"

"అది పాట కాదు కద అంకుల్. ఊకె పెట్టిన" అన్నాడు.