పండుగ ప్రకటనల్లో మానవతావాదం

వ్యాపార ప్రకటనతో సాహిత్య విమర్శకు పనేమిటని మనలో చాలామంది అనుకుంటారు. సబ్బు అమ్ముకునేవాడు సబ్బు గురించి గొప్పలు చెప్పుకుంటాడు, నమ్మినవాడు కొంటాడు, మధ్యలో విమర్శకుడెందుకు అంటారు. ప్రకటన సరుకు గుణగణాలు చెప్పినంతకాలం ఈ మాట చెల్లింది. ఇప్పుడు చెల్లదు. వినాయక చవితి, రంజాన్, దీపావళి, హోలీ వచ్చాయంటే పెద్ద కంపెనీలు సరుకు మాట పక్కనపెట్టి కథ చెబుతున్నాయి. ఆ కథలో పాత్రలున్నాయి, సంఘర్షణ ఉంది, మనసు మారడం ఉంది, చివర కంటతడి ఉంది. కంపెనీ పేరు మాత్రం ఆఖరున, చలివేంద్రం మీద దాత పేరు రాసినట్టు, ఎంతో వినయంగా కనిపిస్తుంది. కథ అన్న తర్వాత అది మన పరిధిలోకి వచ్చినట్టే.

అటువంటి కథల్లో ఒకటి వినాయక విగ్రహాల దుకాణంలో జరుగుతుంది. హైదరాబాదులో విగ్రహాల దుకాణమంటే పురానాపూల్ పక్కనున్న ధూల్‌పేట. కనుక ఆ కథను అక్కడ నిలబెట్టి చూద్దామని నా ప్రయత్నం.

పురానాపూల్ 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన వంతెన. 22 కమానులు. 1591 నాటి చార్మినారు కంటే ముందు పుట్టింది. 1908 సెప్టెంబరు వరద దెబ్బ తిని కూడా నిలిచింది. భాగమతి ప్రేమకథను పర్యాటక శాఖకు వదిలేద్దాం. ఇవాళ వాహనాలన్నీ పక్కనున్న కొత్త వంతెన మీద పోతాయి, పాత వంతెన వీపు మీద కూరగాయల తట్టలు కూర్చుంటాయి. దక్షిణపు ఒడ్డున హుస్సేనీ ఆలం, పేట్లబురుజు. ఉత్తరపు ఒడ్డున జుమేరాత్ బజారు, ధూల్‌పేట, ఇంకొంచెం పోతే బేగంబజారు. పండుగ సరుకంతా ఈ నాలుగు వీధుల్లోనే పుడుతుంది, అమ్ముడవుతుంది, మిగిలిపోతుంది.

ధూల్‌పేటలో చవితి నెలల ముందే మొదలవుతుంది. అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పాటు కొబ్బరి పీచు వేసి, ఆరాక ముక్కలు అతికించి, గీకి, నునుపుచేసి, రంగులు పిచికారీ చేసి, అన్నిటికంటే చివర కళ్ళు దిద్దుతారు. తరాల కిందట ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన లోధా కుటుంబాలతో పాటు మహారాష్ట్ర నుంచి, రాజస్థాన్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన పనివాళ్ళూ ఉంటారు. పెట్టుబడి చాలామందికి అప్పు. వాన పడితే టార్పాలిన్ కింద విగ్రహం ఉంటుంది, మనిషి బయట ఉంటాడు. అమ్ముడుకాని విగ్రహం మళ్ళీ ఏడాదిదాకా చోటు తింటూ, వడ్డీ తింటూ కూర్చుంటుంది. చలికాలం వస్తే ఇదే పేటలో గాలిపటాలు. చేసే పండుగ మారుతుంది, చేతులు మారవు.

ఇక్కడి నుంచి లారీ ఎక్కిన విగ్రహం మండపానికి చేరుతుంది. మండపం ముందు తోరణం. తోరణం మీద రంగుల కంపెనీయో, సిమెంటు కంపెనీయో, ప్లాట్లు అమ్మే సంస్థో, దాత. పదకొండు రోజుల పాటు ఆ వీధికంతటికీ అదే పెద్ద బోర్డు. పక్కన కమిటీ పెద్దల ఫోటోలు, కార్పొరేటర్ ఫోటో. విగ్రహం చేసినవాడి పేరు ఎక్కడుంటుందని అడగకండి. ఖైరతాబాదు వంటి ఏ కొద్ది చోట్లో తప్ప ఉండదు.

దాతృత్వమంటే ఒకప్పుడు నిర్మలంగా ఉండేదనీ, కంపెనీలు వచ్చి చెడగొట్టాయనీ నేను అనబోవడం లేదు. జాగీర్దారు ఖైరాతు కూడా జాగీర్దారు పేరు కోసమే. ఇచ్చినవాడి చేయి పైన, పుచ్చుకున్నవాడి చేయి కింద ఉండటం పాత విషయమే. దానం తిరుగు బాకీని వెంటబెట్టుకుని వస్తుందని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లోనే రాశాడు. అయినా పాతబస్తీలో మొహర్రం రోజుల్లో సబీల్ పెట్టి దారినపోయేవాడికి నీళ్ళో షర్బతో ఇచ్చినవాడు ఆ గ్లాసు మీద తన పేరు రాయించలేదు. తూర్పు గోదావరి తాపేశ్వరం నుంచి ఒక మిఠాయి సంస్థ ఖైరతాబాదు వినాయకుడికి టన్నుల బరువున్న లడ్డూ పంపుతూ వచ్చిన సంవత్సరాలున్నాయి. అదీ వ్యాపారానికి పేరు తెచ్చిపెట్టేదే. కాని అందులో మోసం లేదు. మిఠాయి చేసేవాడు మిఠాయి ఇచ్చాడు, ఎలా చేశాడో అందరూ చూశారు, పంచితే తిన్నారు. తాను అమ్మే సరుకునే ఇచ్చినవాడి సంగతి వేరు. తాను చేయని సరుకును, అంటే మనుషుల మధ్య స్నేహాన్ని, కానుకగా ఇస్తానని వచ్చేవాడి సంగతి వేరు. మన చర్చ రెండోవాడి గురించి.

2018 చవితికి బ్రూక్‌బాండ్ రెడ్ లేబుల్ టీ కోసం హిందుస్తాన్ యూనిలీవర్ ఒక చిన్న చిత్రం విడుదల చేసింది. కథ ఇది. ఒక మధ్యతరగతి గృహస్థు విగ్రహం కొనడానికి వస్తాడు. అమ్మే పెద్దాయన ఒక్కొక్క విగ్రహం విశేషం ఎంతో శ్రద్ధగా చెబుతాడు. ఇంతలో అజాన్ వినిపిస్తుంది, పెద్దాయన తలకు టోపీ పెట్టుకుంటాడు. కొనేవాడు తటపటాయించి, మళ్ళీ వస్తానంటాడు. పెద్దాయన టీ ఇస్తాడు. టీ తాగుతూ నాలుగు మాటలు. ఈ పని కూడా ఆరాధనేనన్న అర్థంలో ముసలాయన చెప్పిన మాటకు కొనేవాడి మనసు కరుగుతుంది. విగ్రహం తీసుకుంటాడు.

చక్కగా తీశారు. ముసలి పాత్ర ముఖంలో హుందాతనం ఉంది. ఎక్కడా అతి లేదు. కొనేవాడి తటపటాయింపును దాచకుండా చూపించడం కూడా చిన్న విషయం కాదు. మన సినిమాల్లో ఆ మాత్రం ధైర్యం అరుదు. ఇవన్నీ ఒప్పుకుని అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ దుకాణంలో అప్పు లేదు, వడ్డీ లేదు, వాన లేదు, మిగిలిపోయిన విగ్రహం లేదు. బేరం పోతే ముసలాయనకు ఏమవుతుందన్న ఊసే లేదు. కొనేవాడు వెళ్ళిపోతే అది అతని సంస్కార లోపంగా కనబడుతుంది, అమ్మేవాడి కూటికి దెబ్బగా కనబడదు. పైగా అవమానం పొందినవాడే టీ ఇచ్చి మర్యాద చేయాలి, తన పని భక్తేనని సంజాయిషీ చెప్పుకోవాలి, అప్పుడు గాని అవమానించినవాడు క్షమించడు! క్షమించవలసింది ఎవరో కథకుడు తారుమారు చేశాడు. ఆ తారుమారును మన కంట పడనివ్వకుండా అడ్డు నిలిచింది టీ కప్పు. సంఘర్షణను పరిష్కరించే శక్తి మనుషుల్లో కాక సరుకులో ఉందని చెప్పడమే ఈ కథ శిల్పం. ఇందులో శిల్పాన్ని వస్తువు నుంచి విడదీయడం కుదరదు.

ఈ చిత్రం మీద మరుసటి ఏడు, 2019లో, బహిష్కరణ పిలుపు వచ్చింది. అదే ఏడు హోలీకి అదే కంపెనీ సర్ఫ్ ఎక్సెల్ కోసం తీసిన చిత్రం మీదా వచ్చింది. అందులో ఒక చిన్నపిల్ల పిల్లలందరి రంగులూ తన మీదే చల్లించుకుని, మసీదుకు పోవలసిన ముస్లిం స్నేహితుణ్ణి తెల్లబట్టలతో దాటిస్తుంది. బహిష్కరణ పిలుపులు ఇచ్చినవారితో మనకు ఏ పొత్తూ లేదు. వారు ద్వేషించింది ఆ కథల్లోని మంచినే. కంపెనీని దుయ్యబట్టే తొందరలో ఈ తేడా మరచిపోకూడదు. అయితే మతతత్త్వవాది తిట్టినంత మాత్రాన ప్రకటన అభ్యుదయ సాహిత్యం అయిపోదు. మిత్రులు కొందరు అప్పట్లో ఆ వాదనే చేశారు.

ఆ వాదన ఎంత దూరం నిలుస్తుందో ఆ తర్వాతి రెండు పండుగల్లో తేలింది. 2020 అక్టోబరులో తనిష్క్ నగల సంస్థ, ముస్లిం అత్తవారింట్లో హిందూ కోడలి సీమంతం చూపిన ప్రకటనను గొడవ కాగానే వెనక్కి తీసుకుంది. తమ ఉద్యోగుల, దుకాణాల క్షేమం కోసమని సంజాయిషీ ఇచ్చింది. ఆ భయం ఉత్తదని నేననను. 2021 అక్టోబరులో ఫాబ్ఇండియా తన దుస్తులకు 'జష్న్-ఎ-రివాజ్' అని పేరు పెట్టి, దీపావళికి ఉర్దూ పేరేమిటని కొందరు కేకలేయగానే ఆ పేరు తీసేసింది. రివాజు అన్న మాట తెలంగాణ పల్లెల్లో ఎవరి నోట వినబడదు? ఆ మాట పలికే ముసలమ్మ దాన్ని వెనక్కి తీసుకోలేదు. కంపెనీ తీసుకుంది. దీన్ని పిరికితనమంటే సరిపోదు. లాభానికి పనికొచ్చినంత మేరకే సామరస్యాన్ని ఖర్చు రాసుకున్నవాడు, నష్టం కనబడగానే పద్దు కొట్టేశాడు. లెక్కల్లో అది సబబైన పనే.

చట్టం ఈ తేడాను మనకన్నా ముందే పట్టుకుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి మించిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. తమ సరుకుకు మార్కెట్ ప్రయోజనం కోసం స్పాన్సర్‌షిప్ పద్ధతిలో ఇచ్చింది ఆ లెక్కలోకి రాదని 2021 జనవరిలో సవరించిన నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. మండపం తోరణానికి ఇచ్చిన డబ్బు దానం కాదు, ప్రచారం ఖర్చు అని గుమాస్తాకు తెలుసు. సాహిత్యం చదువుకున్నవాళ్ళం మనం ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నాం.

ఈ కథలు రాసేదెవరు? ఇది మన వృత్తికి సంబంధించిన ప్రశ్న. 1939లో చికాగోలోని మాంట్‌గొమరీ వార్డ్ అనే పెద్ద దుకాణం, క్రిస్మస్‌కు పిల్లలకు ఉచితంగా పంచే పుస్తకాన్ని బయట కొనే బదులు తమ దగ్గరే రాయిస్తే చౌక అనుకుంది. ప్రకటనలు రాసే ఉద్యోగి రాబర్ట్ మే చేత రాయించింది. ఆ వేసవిలోనే అతని భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. అతను రాసిన ఎర్రముక్కు దుప్పి రుడాల్ఫ్ కథ ఆ ఒక్క క్రిస్మస్‌కే 24 లక్షల ప్రతులు పంచారు. తోటివాళ్ళు వెలివేసిన జంతువు, దాని లోపమే అవసరానికి పనికొచ్చి ఆదరణ పొందే కథ. ఒంటరి మనిషి దుఃఖమేదో అందులో ఉంది, అందుకే ఇన్నేళ్ళు నిలిచింది. హక్కు మాత్రం దుకాణానిది. 1947లో గాని రచయిత చేతికి రాలేదు. ఇవాళ హైదరాబాదులో, బొంబాయిలో పండుగ ప్రకటనలు రాస్తున్నవారిలో మన కళాశాలల్లో సాహిత్యం చదివినవారున్నారు, మంచి కథలు రాయగలిగినవారున్నారు. వారి పేరు ప్రకటన చివర ఉండదు. ధూల్‌పేట పనివాడికీ వారికీ ఆ విషయంలో తేడా లేదు.

కంపెనీ డబ్బు తగిలిందల్లా అశుద్ధమని గీత గీస్తే మన పత్రికా చరిత్రే గీతకు అవతల పడుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచి దానికి పేరు తెచ్చాడు. తలనొప్పి మందు లాభంతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి, ఆ తర్వాత ఆంధ్ర గ్రంథమాల నడిచాయి. ఆయనను విశ్వదాత అన్నారు. అన్నవారు అమాయకులు కారు. ఆయన ఇచ్చింది ఒక వేదిక. దాని మీద ఎక్కినవాళ్ళు ఏం మాట్లాడాలో అమృతాంజనం సీసా నిర్ణయించలేదు. పండుగ ప్రకటనలో వేదికా, కథా, కన్నీరూ అన్నీ సీసావే.

అసలు ఈ కథలు ఇంత సులువుగా మనల్ని ఎందుకు పట్టుకుంటున్నాయి? ఈ రూపం మనకు పరిచయమైనది కనుక. హిందువుకూ ముస్లింకూ మధ్య ఒక అపార్థం, ఒక మంచి మాట, చివరి పేరాలో ఒక కన్నీటి బొట్టు. ఇటువంటి కథలు మన ప్రత్యేక సంచికల్లో దశాబ్దాలుగా వస్తున్నాయి. రాసినవారి చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. కాని బతుకుతెరువును తీసేసి మనసు మార్పు ఒక్కటే మిగిల్చిన కథ ఖాళీ దుకాణం వంటిది. ఎవరైనా వచ్చి బోర్డు తగిలించుకోవచ్చు. కంపెనీ అదే చేసింది. అదే చాసో 'వాయులీనం' తీసుకోండి. భార్య జబ్బు ఖర్చుకు వాయులీనం అమ్మేస్తారు, ఆ డబ్బుతోనే చీర కూడా ఇంటికి వస్తుంది. ఆ చీర చేతికందేసరికి దాని ధర ఏమిటో పాఠకుడికి తెలుసు. ఆ కథకు ఏ చీరల కొట్టూ తన పేరు తగిలించుకోలేదు.

2021 దీపావళికి క్యాడ్‌బరీ ఇంకో అడుగు వేసింది. యంత్ర సహాయంతో షారుఖ్ ఖాన్ ముఖమూ గొంతూ మలచి, ఏ ప్రాంతంలో చూసేవాడికి ఆ ప్రాంతపు చిన్న దుకాణాల పేర్లు ఆయనే చెబుతున్నట్టు చూపించింది. కరోనాలో దెబ్బతిన్న చిన్న వ్యాపారికి అండ అన్నారు. ఆ అండ పొందాలంటే దుకాణానికి ఒక పేరుండాలి, చిరునామా ఉండాలి. పురానాపూల్ మీది కూరగాయల తట్టకు రెండూ లేవు.

రాబోయే దీపావళి సంచికలు చేతికొచ్చినప్పుడు సాహిత్య విద్యార్థులు ఒక చిన్న పని చేస్తే బాగుంటుంది. కథలను ఒక పక్కన, ప్రకటనలను ఒక పక్కన పెట్టుకుని చదవండి. కథల్లో ఎన్నిటిలో వస్తువుకు ధర ఉంది, పనికి కూలి ఉంది, మనిషికి అప్పు ఉంది, లెక్కపెట్టండి. తర్వాత రచయిత పేరు మూసి, చివర ఏదైనా టీ పేరో నగల కొట్టు పేరో రాసి చూడండి. ఎన్ని కథలు ఆ పేరును ఒప్పుకుంటాయో, ఎన్ని ఒప్పుకోవో ఈ పత్రికకు రాయండి.