కథ వెంట జాబు

కథను నెలల తరబడి చెక్కి, పాత్రలచేత పుటలకొలది నిస్సంకోచముగా మాటలాడించిన రచయిత, దానిని పత్రికకు పంపువేళ సంపాదకులవారికి నమస్కారములని మొదలిడి, రెండవ వాక్యము తోచక కలము పట్టుకొని కూర్చుండుట మన కథకులకెల్ల పరిచితమైన అనుభవమే. కథలో నతడు పాత్రల చాటున దాగియుండవచ్చును. కవరింగు లెటరులో మాత్రము తన పేరుతో, తన చిరునామాతో, తానుగా నిలువవలెను. నా మట్టుకు నేను ఈ చిన్న జాబు వ్రాయుటను ఒకరికి మాట యిచ్చుటగా భావింతును.

మన పత్రికలు దీనియందు ముఖ్యముగా కోరునది హామీ: కథ స్వంతమనియు, అనువాదము గాని అనుసరణ గాని అనుకరణ గాని కాదనియు, ఇంతకుముందెచ్చటను ప్రచురింపబడలేదనియు, ప్రస్తుతము మరియొక పత్రిక పరిశీలనలో లేదనియు. ఎల్లవారును యాంత్రికముగా వ్రాసి సంతకము చేయు ఈ వాక్యమునకు గట్టి కారణమే కలదు. మూలకర్త పేరు మరుగుపరచి, ఊరి పేరును, పాత్రల పేళ్లను మార్చి, పరభాషాకథను తనదిగా చలామణి చేసికొనుట కష్టము కాదు. లోకమందలి కథలన్నియు సంపాదకుడు చదివియుండుట అసాధ్యము గనుక, రచయిత మాటనే ఆతడు పూచీగా గైకొనవలసివచ్చును. అనువాదము దోషమని దీని భావము కాదు. 1978లో ఆరంభమైన ‘విపుల’ ఇతరభాషల కథలకు పెద్దపీట వేసిన మాసపత్రికయే కదా. మూలరచయిత పేరును, మూలభాషను, అనుమతి లభించిన వైనమును జాబులో స్పష్టముగా చెప్పినచో చాలును.

ఇక ఒకే కథను ఏకకాలమున రెండు పత్రికలకు పంపరాదను నియమము. చిత్రకారుడు బొమ్మ వేసి, పుటలు కూర్చబడి, సంచిక ముద్రణకు పోవు తరుణమున అదే కథ వేరొక వారపత్రికలో కనబడినచో, ఆ సంపాదకుని అవస్థ ఊహింపదగినదే. అయితే నెలలు గడచినను ఔననియు, కాదనియు చెప్పని పత్రికల మౌనమును రచయిత ఎంతకాలము భరింపవలెను? స్టాంపులు అంటించిన తిరుగుటపా కవరు జతపరచిన దినములలో కథ తిరిగివచ్చుటయే జవాబై యుండెడిది. ఈ-మెయిలు వచ్చిన పిమ్మట ఆ మాత్రపు కబురును కరవైనది. కావున, ఫలానా నెలాఖరులోగా తమ నిర్ణయము తెలియనియెడల కథను వేరొకచోటికి పంపుకొందునని వినయముగా వ్రాయుట అహంకారము కానేరదు.

కథ తాను చెప్పుకొనజాలని సంగతులు మరికొన్ని కలవు. ఉత్తరాంధ్ర యాసలోనో, తెలంగాణ పలుకుబడిలోనో వ్రాసిన కథయందలి వర్ణక్రమము బుద్ధిపూర్వకమైనదని ఒక్క మాట చెప్పనిచో, ప్రూఫులు దిద్దువారు దానిని తప్పుగా నెంచి సంస్కరించు ప్రమాదము కలదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కుల బదలాయింపు వ్రాతమూలకముగా జరుగవలెను. కాలపరిమితి పేర్కొననిచో అది ఐదేండ్లుగా పరిగణింపబడును. కావున ప్రథమ ప్రచురణకు మాత్రమే అనుమతించుచున్నానని తెలుపుట వివేకము. కథల పోటీలలో తరచుగా వ్రాతప్రతిపై పేరుండరాదందురు; అప్పుడు ప్రత్యేకముగా జతపరచిన హామీపత్రమే ఆ కథ ఎవరిదో చెప్పు సాక్ష్యమగును.

ఇతివృత్తసంగ్రహము, పొందిన సన్మానముల పట్టిక, సంపాదకుని బంధువుతో తనకు గల స్నేహము, ఈ కథ చదివి కంటతడి పెట్టనివారుండరను జోస్యము, ఇవన్నియు జాబునకు అనవసరపు బరువు. కథలోని మలుపును ముందే వెల్లడించిన రచయిత, సంపాదకునికి దక్కవలసిన తొలి పాఠకుని భాగ్యమును తానే హరించినవాడగును. జాబు ముగించిన పిదప నేను ప్రతివాక్యమును ఒక్కటే ప్రశ్న వేయుదును: నీవు చెప్పు సంగతిని కథ చెప్పగలదా? చెప్పగలిగినచో ఆ వాక్యమును కొట్టివేయుదును. చెప్పలేనిచో, దానిక్రింద సంతకము చేయుటకు సంసిద్ధుడనేనా యని మరల చదువుదును.